రెండు వేళ్ళ సందు

ఊపిరి బిగబట్టకు, అంటుంది మదాం కెర్లో.
మంత్రసాని చేతులు. చిన్నప్పుడు రోస్కోఫ్ రేవులో
ఉల్లిపాయల జడలల్లిన చేతులు
నా బొడ్డుకు పైన దిగి కొలుస్తాయి.
మూడు వేళ్ళు.
గుడ్డ కొలిచినట్టు కాదు,
గోడ పగులు లోతు చూసినట్టు.

తల కొంచెం ఎత్తమంటుంది.
ఎత్తితే పొట్ట నడిమధ్యన
బోర్లించిన పడవలా ఒక గట్టు లేస్తుంది.
బెదరకు, అదీ నువ్వే, అంటుంది.

"ఇప్పుడు లోపల ఒక లిఫ్ట్ ఉందనుకో.
తలుపులు మూసెయ్. ఒకటో అంతస్తు. రెండు. ఆగు.
మెల్లగా దించు, ధబ్బున పడెయ్యకు."

నేను పుట్టిన ఊళ్ళో చర్చి గంట తప్ప
ఎత్తుగా ఏదీ లేదు.
నా లిఫ్ట్ ఒకటో అంతస్తులోనే మొరాయించింది.
కరెంటు పోయింది. నవ్వొచ్చింది.
నవ్వితే ఏమవుతుందో
కన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మదాం కెర్లో కాసేపు కిటికీలోంచి రేవు చూసింది.
"సరే, లిఫ్టొద్దు. ఆల్చిప్ప.
ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోతే
రాతిని కరుచుకుని ఎలా మూసుకుంటుందో చూశావుగా.
పోటొస్తే ఎవరూ చెప్పకుండానే తెరుచుకుంటుంది."

చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా
బకెట్ పట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోతూ, చూస్తూనే ఉన్నాను.
ఆ పనే నా ఒంట్లో ఒక మూల జరుగుతుందని
ఒక్కరూ చెప్పలేదు.

జనవరిలో పోటు మీద పోటు.
తెరుచుకో, తెరుచుకో అన్నారందరూ.
ఏప్రిల్లో మూసుకోవడం నేర్చుకోమంటున్నారు.

ఇంట్లో బీరువా వెనక నా బొంబార్డ్ ఉంది.
జానా బెత్తెడు సన్నాయి,
గొంతు మాత్రం మూడు వీధుల పొడుగు.
రాత్రి నాట్యాల్లో జనమంతా
చిటికెన వేళ్ళు కోర్చుకుని గొలుసై ఆడుతుంటే
తెల్లారేదాకా ఊదినదాన్ని.
మొన్న దొంగచాటుగా ఊదాను.
పైకెక్కాల్సిన గాలి కిందికి దారి వెతుక్కుంది.
తడి.
సిగ్గు కాదు, కోపం.
అజెనోర్ ఉలిక్కిపడి లేచి
నాకంటే ఎక్కువసేపు స్వరం నిలబెట్టింది.

అత్తగారు ఫోన్లో అడిగింది,
ముత్తవ్వ మఖ్మల్ రవిక పడుతోందా అని.
పదకొండు కొక్కేలు. ఏడు పడ్డాయి.
నాలుగు నా వంక చూస్తున్నాయి.
"ఇంకా మునుపటిలా అవలేదన్నమాట."
మునుపు అనే ఊరికి బస్సు ఎన్నింటికో
ఆవిడకే తెలియాలి.

తొమ్మిదోసారి వెళ్ళాను. రెండు వేళ్ళు.
"ఇక పూర్తిగా కలవకపోవచ్చు," అంది మదాం కెర్లో
చేతులు కడుక్కుంటూ, వాతావరణం చెప్పినట్టు.
"రెండు వేళ్ళతో వలలు లాగేవాళ్ళున్నారు."

ఇంటికొచ్చి కొత్త పీక నానబెట్టాను.
రెండు రెల్లు రేకులు, ఎర్రదారం కట్టు.
వెలుతురుకెదురుగా పట్టుకుంటే
నడుమ సన్నటి సందు.
అది మూసుకుపోతే పలకదని
నాకు నేర్పినాయన ఎప్పుడో చెప్పాడు.
పదేళ్ళప్పుడు. వినలేదు.

శనివారం. చేపల షెడ్డు. తడి సిమెంటు మీద జనం.
గ్వెనోలే బినియుకి తోలుతిత్తి ఉంది,
దానికి ఆగే పని లేదు.
నాకున్నది ఈ పొట్టే.
ఆల్చిప్పను తలుచుకున్నాను.
కింద మూసి, పైన వదిలి, ఒక చరణం ఊదాను.
చివరి స్వరం ఊగింది.
కొంచెం తడి కూడా, అబద్ధమెందుకు.

బొంబార్డ్ ఆగిన చోట తిత్తి అందుకోవాలి.
ఈ పాటల పద్ధతే అది.
ఊదేవాళ్ళ ఊపిరికి ఎవరో ఎప్పుడో
ఖాళీ ఉంచి కట్టారు.

గ్వెనోలే అందుకున్నాడు.
నేను బల్ల మీద కూర్చున్నాను,
కింది నాలుగు కొక్కేలు వదిలేసి,
నా వంతు వచ్చేదాకా.